గనా, మిల్లా, కొలిమా? తిరుపతి నుంచి రీసెర్చ్‌కి బయల్దేరేవాళ్లకు ఒక పోలిక

ఎంటెక్, పీహెచ్‌డీల్లో చేరడానికి రాసే గేట్ పరీక్ష రిజల్ట్స్ మార్చిలో వస్తాయి. అక్కడి నుంచి జూన్ దాకా నాకు ఫోన్లు ఆగవు. ఈసారి ఒకబ్బాయి శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కి నేరుగా ఇంటికే వచ్చేశాడు. చేతిలో మూడు కాలేజీల కాగితాలు, ముఖం నిండా టెన్షన్. "అన్నా, మైనింగా, మినరల్ ప్రాసెసింగా, మెటలర్జీనా? మా నాయన ఏదో ఒకటి తేల్చుకోమంటా ఉన్నాడు. దేంట్లో స్కోప్ ఎక్కువ?" అని అడిగాడు.

స్కోప్ సంగతి తర్వాత చూద్దామని చెప్పి, వాణ్ణి ఒకటే అడిగాను. "నీకు శాంపిల్ ఎవరిస్తారు?"

వాడికి అర్థం కాలేదు. నిజానికి ఆ వయసులో నాకూ తెలియదు. నేను ఇక్కడే జియాలజీ చదివి, తర్వాత మినరల్ ప్రాసెసింగ్‌లో రీసెర్చ్ చేసినవాణ్ణి. ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, ఈ మూడు సబ్జెక్టుల్లో ఐడియా లేక ఆగిపోయిన పీహెచ్‌డీలు తక్కువ. రాయి దొరక్క, గని లోపలికి పర్మిషన్ రాక, మెషీన్ మీద టైము దొరక్క ఆగిపోయినవే ఎక్కువ. అందుకని ఏ దారి పట్టాలో తేల్చుకునే ముందు మీ చేతికి పదార్థం ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోండి. ఆ లెక్కన చూస్తే తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఉన్నవాళ్లు అదృష్టవంతులు. ఎందుకో కింద చెబుతాను.

## మూడూ ఒకే రాయి వెంట నడిచేవే

చాలామంది ఈ మూడింటినీ కలిపేస్తారు. బంగారం ఉదాహరణతో చెబితే తేడా తేలిగ్గా తెలుస్తుంది. కుప్పం దగ్గర చిగురుగుంట, బిసానత్తంలో బంగారు గనులున్నాయి. కోలార్ బంగారు రాతి పట్టీకి అది దక్షిణపు కొస. కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్)తో పాటు 2001లో అవీ మూతపడ్డాయి. తర్వాత వేలంలో కేంద్ర ప్రభుత్వ గనుల కంపెనీ ఎన్‌ఎండీసీకి దక్కాయి.

అక్కడ రాయిని ఎంత లోతు నుంచి, ఏ పద్ధతిలో, పైకప్పు మీద పడకుండా ఎలా బయటికి తేవాలన్నది మైనింగ్ వాళ్ల పని. బయటికొచ్చిన టన్ను రాయిలో బంగారం ఉండేది కొన్ని గ్రాములే. ఆ రాయిని ఎంత మెత్తగా నూరాలి, బంగారు రేణువుని పనికిరాని రాయి నుంచి ఎలా విడదీయాలి, సైనైడ్ నీళ్లలో ఎన్ని గంటలు ఉంచాలి అన్నది మినరల్ ప్రాసెసింగ్. ఆ తర్వాత కరిగించడం, శుద్ధి చేయడం, రాగితో కలిపితే గట్టిదనం ఎందుకు పెరుగుతుందో తేల్చడం మెటలర్జీ. మధ్యలో గోడలు పెద్ద మందంగా ఉండవు. సైనైడ్ పనిని కొన్ని చోట్ల మెటలర్జీ డిపార్ట్‌మెంట్లోనే చేస్తారు. అయినా రోజువారీ పని మాత్రం మూడింటిలో మూడు రకాలు.

## ముందు చూసుకోవాల్సినవి

నేను ఐదు విషయాలు చూడమంటాను. అన్నింటికీ ఒకే బరువు ఉండదు.

మొదటిది శాంపిల్. సగం నిర్ణయం ఇక్కడే అయిపోవాలి. గైడ్‌ని కలిసినప్పుడు మొహమాటపడకుండా అడగండి. "సార్, శాంపిల్ ఇప్పటికే ల్యాబ్‌లో ఉందా? లేకపోతే గని వాళ్లు లెటర్ ఇచ్చారా? ఎన్ని కేజీలు?" ఫ్లొటేషన్ (నూరిన పొడిని గాలి బుడగలతో తేల్చి వేరుచేయడం) పని మీద నాలుగేళ్లు కూర్చోవాలంటే వంద కేజీలు కూడా తక్కువే. అదే మెటలర్జీలో అరచేతిలో పట్టే ముక్కతో ఒక పేపరు రాయొచ్చు. ఈ తేడా ఎవరూ ముందుగా చెప్పరు.

రెండోది, మామూలు మంగళవారం మీకెలా గడుస్తుంది. కాన్ఫరెన్సులు, సర్టిఫికెట్లు ఎప్పుడో ఒకసారి. మిగతా రోజుల్లో ఎండలో క్వారీ అంచున నిలబడతారా, తడి బురద వడగట్టుకుంటూ ఉంటారా, మైక్రోస్కోపు ముందు కూర్చుంటారా? మీ ఒళ్లు దేనికి ఓర్చుకుంటుందో మీకే తెలియాలి.

మూడోది మీ డిగ్రీ, గేట్ పేపరు. మైనింగ్‌కి ఎంఎన్, మెటలర్జీకి ఎంటీ, జియాలజీ వాళ్లకు జీజీ. మినరల్ ప్రాసెసింగ్‌కి విడిగా పేపరు లేదు. నూరడం, జల్లించడం, ఫ్లొటేషన్, గ్రావిటీ పద్ధతులు ఎంటీ సిలబస్‌లోనే ఉంటాయి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఒక ఏడాది తొందరపడి చేరకపోయినా కొంపేం మునగదు.

నాలుగోది డబ్బు. ఎంటెక్‌లో గేట్ స్టైపెండ్ నెలకు 12,400. పీహెచ్‌డీలో మొదట ఇచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. ప్రధానమంత్రి ఫెలోషిప్ దొరికితే 70,000తో మొదలవుతుంది, కానీ అది కొద్దిమందికే. మూడు సబ్జెక్టులకూ రేట్లు ఒకటే కాబట్టి ఇక్కడ పోలిక పెట్టాల్సిన పని లేదు. మీ ఇంటి పరిస్థితికి ఆ డబ్బు సరిపోతుందా, ఎన్నేళ్లు సరిపెట్టుకోగలరు అన్నదే లెక్క.

ఐదోది, చదువు అయ్యాక తెరుచుకునే తలుపులు. దీని గురించి ఒక్కో సబ్జెక్టు దగ్గర చెబుతాను.

| చూడాల్సింది | మైనింగ్ | మినరల్ ప్రాసెసింగ్ | మెటలర్జీ |
|---|---|---|---|
| మన చుట్టూ దొరికే పదార్థం | గ్రానైట్ క్వారీలు, మంగంపేట ముగ్గురాయి ఓపెన్ పిట్ (పైనుంచి తవ్వే గని) | మంగంపేట తక్కువ గ్రేడు ముగ్గురాయి, గ్రానైట్ పొడి, గూడూరు వైపు అభ్రకం, సిలికా ఇసుక | డక్టైల్ ఐరన్ పైపు, బ్యాటరీ సీసం, వెల్డింగ్ అతుకులు |
| ఎంత శాంపిల్ కావాలి | చాలాసార్లు గనే శాంపిల్ | పదుల నుంచి వందల కేజీలు | అరచేతిలో పట్టేంత |
| పర్మిషన్ తలనొప్పి | ఎక్కువ | మధ్యస్తం | తక్కువ |
| పని చోటు | గని, కోర్ ల్యాబ్, కంప్యూటర్ | తడి ల్యాబ్, మిల్లు | ఫర్నేసు, మైక్రోస్కోపు |
| ఎవరికి కలిసొస్తుంది | మైనింగ్, సివిల్, జియాలజీ | జియాలజీ, కెమిస్ట్రీ, కెమికల్ | మెకానికల్, మెటలర్జీ, ఫిజిక్స్ |
| పెద్ద ఇబ్బంది | గని దయ మీద ఆధారపడాలి | ఫలితం మళ్లీ మళ్లీ ఒకేలా రావడం కష్టం | పోటీ ఎక్కువ, ఖరీదైన మెషీన్లు |

## మైనింగ్: గని ఒప్పుకుంటేనే

మైనింగ్ రీసెర్చ్ అనగానే సొరంగంలో హెల్మెట్ లైటు గుర్తొస్తుంది. నిజానికి ఇప్పుడు జరిగే పనిలో చాలా భాగం రాయి బలం, వాలు నిలకడ, పేలుళ్ల అదురు, గాలి సరఫరా, కంప్యూటర్ మోడళ్ల చుట్టూ తిరుగుతుంది.

ఒక్కసారి కోర్ (డ్రిల్లుతో తీసిన రాతి కడ్డీ) టెస్టు దగ్గర నిలబడితే ఈ సబ్జెక్టు మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. సుమారు 54 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి రాతి కోర్‌ని, మందానికి రెండు రెండున్నర రెట్లు పొడవుండేలా కోసి, రెండు చివర్లూ నున్నగా అరగదీసి ప్రెస్‌లో నిలబెడతారు. బరువు పెంచుతూ పోతే చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత లోపలి నుంచి సన్నగా చిటచిటమని చప్పుడు మొదలవుతుంది. బయటికి పగులు కనిపించదు. ఆ చప్పుడు దగ్గరదగ్గరగా వచ్చి, ఒక్కసారిగా ఢామ్మని రాయి ముక్కలవుతుంది. కోలార్‌లో మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతున, కొండంత బరువు కింద నలిగిన రాయి ఇలాగే పేలి కార్మికుల ప్రాణాలు తీసింది. మన కుప్పం, పలమనేరు వైపు పల్లెల్లో కేజీఎఫ్‌లో పనిచేసిన తాతల కథలు ఇప్పటికీ వినిపిస్తాయి. ఆ చిన్న చిటచిటను ముందే పసిగట్టి మనుషుల్ని బయటికి పంపించడం ఎలాగన్నది ఈ సబ్జెక్టులో గొప్ప ప్రశ్నల్లో ఒకటి. రాతి యాంత్రిక శాస్త్రం కోసం నిర్మ్ అనే జాతీయ సంస్థ 1988లో కేజీఎఫ్‌లోనే పుట్టింది. ఇప్పుడు బెంగళూరులో ఉంది.

మన దగ్గర లోతైన గనులు నడవడం లేదు. ఉన్నవి క్వారీలు. కుప్పం గ్రీన్ గ్రానైట్ సంగతి తెలిసిందే. గ్రానైట్‌లో సమస్య వేరే రకం. మందు గట్టిగా పెట్టి పేలిస్తే బ్లాకు లోపల వెంట్రుక మందం పగుళ్లు వస్తాయి, పాలిష్ పట్టాక బయటపడి బ్లాకు ధర పడిపోతుంది. అందుకే డైమండ్ వైర్ సా (వజ్రపు పూసల తీగ రంపం) వాడతారు. తవ్విన రాయిలో అమ్ముడయ్యే బ్లాకు కొంతే, మిగతాది గుట్టలుగా పడి ఉంటుంది. సహజ పగుళ్లు ఏ దిక్కున ఉన్నాయో ముందే కొలిచి, ఎటు వైపు నుంచి కోస్తే వేస్టు తగ్గుతుందో చెప్పగలిగితే అది మంచి థీసిస్. పెద్ద మెషీన్లు అక్కర్లేదు. కంపాస్, డ్రోన్, ఓపిక చాలు. మైనింగ్‌లో చేరతానంటే, ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకు నేను ముందుగా చెప్పే టాపిక్ ఇదే.

ఇబ్బంది ఎక్కడంటే, మీరు వెళ్లే రోజున గని నడుస్తూ ఉండాలి, మేనేజర్‌కి ఓపిక ఉండాలి, రాసిన ఫలితాన్ని బయటపెట్టడానికి వాళ్లు ఒప్పుకోవాలి. ఒక కుర్రాడు ఏడాదిన్నర పాటు బ్లాస్టింగ్ అదురు కొలిచాడు. చివరికి ఆ లెక్కలు థీసిస్‌లో పెట్టొద్దన్నారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ ఒప్పందం ఏదో మొదటి నెలలోనే కాగితం మీద పెట్టించుకోండి.

ఇంకో మాట. మీ మనసులో గని మేనేజర్ ఉద్యోగం ఉంటే, దానికి కావాల్సింది ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్. అది గనిలో పనిచేసిన అనుభవం మీద నడిచే వ్యవహారం. బీటెక్ కాగానే నేరుగా పీహెచ్‌డీకి పోతే ఆ దారి వెనకబడుతుంది. రెండేళ్లు గనిలో పనిచేసి తర్వాత రీసెర్చ్‌కి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇంకా "గనిలోకి ఆడవాళ్లను రానివ్వరు కదా" అంటూ ఉంటారు. 1952 గనుల చట్టం ఒకప్పుడు భూగర్భ గనుల్లో ఆడవాళ్ల పనికి ఒప్పుకోని మాట నిజమే. 2019లో నోటిఫికేషన్ ఇచ్చి, సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ పనులకు పగటిపూట భూగర్భంలోకి అనుమతించారు. కాబట్టి చట్టం పేరు చెప్పి మీ అమ్మాయిని ఆపకండి.

## మినరల్ ప్రాసెసింగ్: నా సబ్జెక్టు, అందుకే కాస్త ఎక్కువ చెబుతా

తిరుపతి నుంచి కడప దారిలో రైల్వేకోడూరు దాటితే మంగంపేట వస్తుంది. మనం ముగ్గురాయి అనే బెరైటీస్‌కి ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి అది. తవ్వేది రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి బురద ఎగదన్నకుండా దానికి బరువు కావాలి. ఆ బరువు కోసం ఈ పొడి కలుపుతారు. కొనేవాళ్లు చూసేది ముందుగా సాంద్రతే. 4.2 ఉంటే మంచి గ్రేడు. స్వచ్ఛమైన బెరైట్ సాంద్రత 4.5, మామూలు ఇసుకలో ఉండే క్వార్ట్జ్‌ది 2.65. రెండూ కలిసిపోయిన తక్కువ గ్రేడు రాయి గని పక్కన కుప్పలుగా ఉంది. దాన్ని మంచి గ్రేడుకి ఎలా ఎత్తాలన్నది నిన్నటి ప్రశ్న, నేటి ప్రశ్న కూడా.

సాంద్రతలో అంత తేడా ఉంటే నీళ్ల టేబుల్ మీద ఊపితే విడిపోవాలి కదా అనిపిస్తుంది. రేణువులు పెద్దవిగా విడివిడిగా ఉంటే విడిపోతాయి. ఒకదానిలో ఒకటి సన్నగా అల్లుకుపోయి ఉంటే ముందు మెత్తగా నూరాలి. మరీ మెత్తగా నూరితే బురదై టేబుల్ మీద ఆగదు. అక్కడ ఫ్లొటేషన్ కావాలి.

ఫ్లొటేషన్ మొదటిసారి చూసిన రోజు నాకు బాగా గుర్తు. నూరిన పొడి నీళ్లలో తిరుగుతూ ఉంటుంది. సబ్బు గుణం ఉన్న ఒలియిక్ యాసిడ్ చుక్కలు వేస్తే అది బెరైట్ రేణువు మీద పూతలా అంటుకుని, ఆ రేణువు నీటికి ఎడంగా జరుగుతుంది. గాలి వదిలితే బుడగను పట్టుకుని పైకొస్తుంది. ఇసుక రేణువు కిందే ఉండిపోతుంది, దాన్ని అణిచి ఉంచడానికి సోడియం సిలికేట్ వేస్తాం. పైన తేలిన బరువైన నురుగుని చెక్కతో గీసి ట్రేలోకి లాగుతాం. నీళ్లకన్నా నాలుగు రెట్లు బరువున్న రాయి బుడగ మీదెక్కి పైకి రావడం ఎన్నిసార్లు చూసినా నాకు ఆశ్చర్యమే.

నాకు మొదటి ఆరు నెలలు ఫలితాలు నిలకడగా రాలేదు. ఒకరోజు బాగా వస్తే, మర్నాడు అదే మోతాదుతో ఇసుక కూడా పైకి తేలేది. గైడ్ నా తూకం సరిగా లేదన్నారు. మిల్లు మార్చాను, జల్లెడలు మార్చాను. చివరికి తెలిసిందేమిటంటే, డిస్టిల్డ్ వాటర్ అయిపోయిన రోజుల్లో ల్యాబ్‌లో కుళాయి నీళ్లు వాడుతున్నాం. మన బోరు నీళ్ల సంగతి తెలుసు కదా, గిన్నెల మీద తెల్లటి పొర కట్టే నీళ్లు. ఆ కాల్షియం సబ్బు మందుని మింగేస్తుంది. పైగా ఇసుక రేణువు మీదికి చేరి, ఆ మందు దానికీ అంటుకునేలా చేస్తుంది. బట్టల సబ్బు నురగ రాకపోవడానికి కారణం ఏదో, నా ప్రయోగం చెడిపోవడానికీ అదే కారణం. ఆరు నెలలు పోయాయని అప్పుడు ఏడ్చినంత పని చేశాను. తర్వాత నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఆ నీళ్ల మీదే రాశాను. ఎందుకంటే ప్లాంటులో ఎవరూ డిస్టిల్డ్ వాటర్ పోయరు.

ఈ సబ్జెక్టు ఎవరికి పడుతుందంటే, చేతులు తడవడానికి వెనకాడనివాళ్లకు, ఒకే ప్రయోగాన్ని మూడుసార్లు చేసే ఓర్పు ఉన్నవాళ్లకు. కెమిస్ట్రీ ఎంఎస్సీ చేసినవాళ్లు ఇక్కడ బాగా రాణిస్తారు, కానీ వాళ్లలో చాలామందికి ఇలాంటి దారి ఒకటుందని తెలియదు.

పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం కూడా ప్రాసెసింగ్ వాళ్లకు గొప్ప పాఠం. అక్కడ యురేనియం ఉన్నది సున్నపురాయి జాతి డోలమైట్‌లో. యాసిడ్ పోస్తే అంతా ఆ రాయే తాగేస్తుంది. అందుకని సోడియం కార్బొనేట్‌తో, వేడి, ఒత్తిడి కింద కరిగిస్తారు. రాయిని బట్టి పద్ధతి మారుతుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. కానీ అది అణు ఖనిజం, శాంపిల్ మీ చేతికి రాదు. చదువుకోవడానికి మంచిది, థీసిస్‌కి ఆశ పెట్టుకోవద్దు.

కొత్తగా వచ్చిన ఊపు కీలక ఖనిజాలది (లిథియం, కోబాల్ట్ లాంటివి). 2023లో కేంద్రం 30 ఖనిజాల జాబితా ఇచ్చింది. 2025 జనవరిలో జాతీయ మిషన్‌కి ఆమోదం తెలిపింది. దాని కింద ఎంపికైన సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ సంస్థల్లో హైదరాబాద్ ఐఐటీ, అక్కడి ఎన్‌ఎఫ్‌టీడీసీ, ధన్‌బాద్ ఐఐటీ, భువనేశ్వర్ ఐఎంఎంటీ, జంషెడ్‌పూర్ ఎన్‌ఎంఎల్ ఉన్నాయి. పాత లిథియం బ్యాటరీలను నలిపితే వచ్చే నల్ల పొడి నుంచి కోబాల్ట్, నికెల్, లిథియం తీయడం ఇప్పుడు అందరూ చేస్తున్న పని. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ టాపిక్ మీద ఆసక్తి ఉండటం సహజం. ఒక్క జాగ్రత్త. అందరూ ఒకే పొడిని ఒకే యాసిడ్‌లో కరిగిస్తున్నారు. మీరు కొత్తగా ఏం చేస్తారో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే, ముగ్గురాయి బురదే మీకు మేలు.

## మెటలర్జీ: చిన్న ముక్క, పెద్ద పోటీ

శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలో డక్టైల్ ఐరన్ పైపుల ఫ్యాక్టరీ ఉంది. మన ఊళ్లకు తాగునీరు తెచ్చే పెద్ద నల్ల పైపులు ఆ రకమే. మామూలు పోత ఇనుములో గ్రాఫైట్ రేకుల్లా ఉంటుంది. దెబ్బ తగిలితే ఆ రేకు వెంబడి పగులు పరిగెత్తుతుంది. కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియం వేస్తే గ్రాఫైట్ గుండ్రటి గోళీల్లా మారుతుంది. చివరికి ఇనుములో మిగలాల్సిన మెగ్నీషియం నూటికి 0.03 నుంచి 0.05 వంతులే. ఆ కాస్తా నిలబెట్టడం తేలిక్కాదు. మెగ్నీషియం సుమారు 1,090 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఇనుము అంతకంటే వేడిగా ఉంటుంది. వేసీ వేయగానే భగ్గుమని మండి ఆవిరైపోతుంది. వేశాక పోత పోయడం ఆలస్యమైతే ఉన్నదీ తగ్గిపోయి గోళీలు మళ్లీ వికారంగా తయారవుతాయి.

ఆ పైపు ముక్కని ఎమరీ పేపరు మీద వరసగా 220, 400, 600, 800, 1000 అంటూ రుద్దుతారు. ప్రతి పేపరుకీ ముక్కని తొంభై డిగ్రీలు తిప్పి, ముందు గీతలు పూర్తిగా పోయేదాకా. తర్వాత అల్యూమినా పొడితో గుడ్డ మీద అద్దంలా మెరిపించి, ఆల్కహాల్‌లో కలిపిన పలచటి నైట్రిక్ యాసిడ్‌లో కొన్ని సెకన్లు ముంచి కడుగుతారు. మైక్రోస్కోపు కింద తెల్లటి వలయం మధ్యలో నల్ల గోళీ కనిపిస్తుంది, ఎద్దు కన్నులా. అది చూసి మీకు ఒళ్లు పులకరిస్తే మెటలర్జీ మీది. ఒక గంట రుద్దాక గీత మిగిలిందని విసుగొస్తే ఆలోచించుకోండి.

శాంపిల్ విషయంలో ఈ సబ్జెక్టు అన్నింటికంటే సుఖం. ఇనుము, అల్యూమినియం బజార్లో దొరుకుతాయి. ఇబ్బంది మెషీన్ల దగ్గర. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, ఎక్స్‌రే మెషీన్ లేకుండా ఇప్పుడు పేపరు రాయడం కష్టం, వాటి క్యూ పొడవుగా ఉంటుంది. పోటీ కూడా ఎక్కువ. మెకానికల్ నుంచి, ఫిజిక్స్ నుంచి, కెమిస్ట్రీ నుంచి అందరూ మెటీరియల్స్ వైపే వస్తున్నారు.

తలుపులు మాత్రం ఇక్కడే ఎక్కువ, పైగా మనకు దగ్గర. హైదరాబాద్‌లో డీఎంఆర్ఎల్, మిధాని, ఏఆర్‌సీఐ అనే లోహాల పరిశోధన, తయారీ సంస్థలు; చెన్నై దాటితే కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం; చదువుకి మద్రాస్ ఐఐటీ, తిరుచ్చి, వరంగల్ ఎన్ఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ. రాత్రి బస్సెక్కితే పొద్దున ఇంట్లో ఉండొచ్చు. అమ్మానాన్నల ఆరోగ్యం బాగాలేని ఇళ్లలో ఇది చిన్న విషయమేం కాదు.

## ఎక్కడ చేయాలి

మైనింగ్‌కి ధన్‌బాద్ పేరు పెద్దది. 1926లో మొదలైన స్కూల్ ఆఫ్ మైన్స్, 2016లో ఐఐటీ అయింది. ఖరగ్‌పూర్, బీహెచ్‌యూ, రూర్కెలా ఉన్నాయి. మనకు దగ్గరగా కావాలంటే సూరత్కల్ ఎన్ఐటీ. ప్రాసెసింగ్‌కి ధన్‌బాద్‌తో పాటు భువనేశ్వర్, జంషెడ్‌పూర్ సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) ల్యాబులు చూడండి. కాలేజీకీ ఈ ల్యాబులకీ తేడా ఒకటుంది. ల్యాబుల్లో కంపెనీల ప్రాజెక్టులు నడుస్తూ ఉంటాయి కాబట్టి శాంపిల్ లారీల్లో వస్తుంది, పైలట్ ప్లాంటు ఉంటుంది. కానీ మీ టైములో కొంత ఆ ప్రాజెక్టు పనికే పోతుంది. కాలేజీలో స్వేచ్ఛ ఎక్కువ, రాయి తక్కువ. నేనైతే ప్రాసెసింగ్‌కి ల్యాబు, మైనింగ్‌కి కాలేజీ, మెటలర్జీకి గైడ్‌ని బట్టి అంటాను.

ఊరు వదల్లేనివాళ్లు నిరాశపడక్కర్లేదు. 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ, కెమిస్ట్రీ ఉన్నాయి. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధన సంస్థ) రెండూ 2015లో వచ్చాయి. జియాలజీలో చేరి ఖనిజం పుట్టుక, నిర్మాణం మీద పనిచేస్తూ, ప్రాసెసింగ్ భాగాన్ని బయటి ల్యాబ్‌తో కలిసి చేయొచ్చు. రాయిలో ఏ ఖనిజం ఎంత సైజులో దేనితో అల్లుకుని ఉందో చెప్పగలిగినవాళ్లు ప్రాసెసింగ్ ల్యాబుల్లో ఎప్పుడూ కరువే.

## మీరు ఎవరో చెప్పండి, ఏది చూడాలో చెబుతా

మీరు జియాలజీ ఎంఎస్సీ అయితే ప్రాసెసింగ్ ముందు చూడండి. మైక్రోస్కోపు కింద రాయి పల్చటి ముక్క చూసిన కన్ను మీకు ఇప్పటికే ఉంది, ఇంజినీర్లకు అది నేర్పడానికే ఏడాది పడుతుంది.

మెకానికల్ బీటెక్ అయితే మెటలర్జీ. ఫౌండ్రీ, వెల్డింగ్, హీట్ ట్రీట్‌మెంట్ పాఠాలు గుర్తుంటే ఎంటీ పేపరు మరీ కొత్తగా అనిపించదు.

సివిల్ అయితే, చాలామందికి తట్టని మాట చెబుతాను, మైనింగ్‌లో రాతి యాంత్రికం చూడండి. రేపు గనులు వద్దనుకున్నా సొరంగాలు, డ్యాములు, ఘాట్ రోడ్ల పని ఉంటుంది. తిరుమల ఘాట్‌లో వానాకాలం బండలు దొర్లిపడటం మనం చూస్తూనే ఉన్నాం. ఆ వాలు లెక్కా, క్వారీ వాలు లెక్కా ఒకే లెక్క.

డిప్లొమా చేసి క్వారీలో పనిచేస్తూ, ఇప్పుడు చదువు మీద మనసు మళ్లినవాళ్లు నాకు చాలా ఇష్టం. మీకు పర్మిషన్ సమస్య సగం తీరినట్టే, సూపర్‌వైజర్లు మీకు తెలుసు. బీటెక్ పూర్తి చేసుకుని మైనింగ్‌లోనే ఉండండి. మీ క్వారీ వేస్టు లెక్కలు ఈరోజు నుంచే ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకోండి. ఏ బ్లాకు ఎందుకు పగిలింది, ఎటు పగిలింది. అది రేపటి మీ డేటా.

ఇంట్లో అప్పులుంటే, రెండేళ్లు ఉద్యోగం చేసి రండి. ఈ మూడు సబ్జెక్టులూ ఎక్కడికీ పోవు.

ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్లు పొడి నూరే పని, గ్రానైట్ కోత ఉన్న టాపిక్‌లు తీసుకోవద్దు. సిలికా దుమ్ము చేసే హాని తిరిగి పోయేది కాదు. మాస్కు పెట్టుకుంటే చాలన్న మాట నమ్మకండి, తడి పద్ధతిలో నూరే ల్యాబ్ ఉందో లేదో చూడండి.

శ్రీకాళహస్తి అబ్బాయికి నేను ఏదీ తేల్చి చెప్పలేదు. రెండు వారాలు టైమిచ్చి, మూడింటిలో ఏదో ఒక శాంపిల్ సంపాదించుకుని రమ్మన్నాను. మొన్న ఆదివారం వచ్చాడు. బ్యాగులోంచి ఈనాడు పేపర్లో చుట్టిన బరువైన ముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. పాత సామాన్ల కొట్లో కేజీ లెక్కన కొన్న విరిగిన నీళ్ల పైపు. ఒకవైపు పగులు, లోపల సిమెంటు పూత ఇంకా అంటుకునే ఉంది. "ఇది ఎందుకు పగిలిందో చూడాలన్నా" అన్నాడు. పగులు మీద వేలు పెట్టనివ్వలేదు, తుప్పు పట్టకుండా ప్లాస్టిక్ కవర్లో వేయించాను. పగులుకి దూరంగా ఒక చిన్న ముక్క కోయించుకోమని, కోసేటప్పుడు నీళ్లు పోస్తూనే ఉండమని చెప్పాను. వేడెక్కితే లోపలి గోళీల చుట్టూ ఉన్న తెల్ల వలయం మారిపోతుంది.